కారు వైర్లకు కట్టిన గుడ్డ పేలికలు

రండి, గుమ్మం దగ్గరే నిలబడిపోకండి. ఇలా చాప మీదకి వచ్చి, నా మోకాలికి మీ మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. మెల్లగా చెబుతాను, మెల్లగానే వినండి.

ఈ ఉదయం మా అబ్బాయికి సెలవు. పరవాడ కంపెనీలో వాడికి వారానికి ఒక్కరోజే సెలవు దొరుకుతుంది. ఎవరి దగ్గరో చవగ్గా కొన్న పాత కారొకటి ఉంది వాడికి. దాని బానెట్ ఎత్తి, ఎక్కడ సంపాదించాడో సీసాడు కిరసనాయిలు, అందులో గుడ్డ ముంచి లోపలి మసీ మట్టీ తుడుస్తూ కూర్చుంటే, ఆ వాసన వీధిలోంచి వంటింటి దాకా వచ్చింది. పొయ్యి మీద పప్పు పొయ్యి మీదే వదిలేసి వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాను. "ఏ వైరు ఎక్కడిదో నాకు సెప్పుకుంటా పీకరా, నాను గురుతెట్టుకుంటాను" అన్నాను. వాడు తల ఎత్తకుండానే నవ్వి, "ఫోన్లో ఫొటో తీసేసుకున్నాను లేమ్మా, నువ్వు లోపలికెళ్ళు, ఎండగా ఉంది" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను లోపలికి వచ్చేశాను. అప్పటికి పప్పు అడుగంటింది. ఆ మాడు వాసనా, ఈ కిరసనాయిలు వాసనా కలిసి ముక్కుకి తగిలేసరికి నాకు తొమ్మిదేళ్ళు వచ్చేశాయి.

మా నాన్న పేరు సన్నిబాబు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి పోయే రోడ్డు వారన మాకు రెండు గదుల పెంకుటిల్లు, దాని ముందు రేకుల పంచ, ఆ పంచ కింద మా కారు ఉండేవి. గుండ్రటి ముక్కూ, ఉబ్బిన బుగ్గలూ ఉన్న నల్లకారు అది. అద్దెలకి తిప్పేవాడు నాన్న. అమ్మ నాకు ఊహ తెలియకముందే జ్వరం వచ్చి పోయిందట. ముఖమే తెలియని మనిషి కోసం ఏడవడం నాకు చేతనయ్యేది కాదు. ఇంట్లో ఉన్నది నాన్నా, నేనూ, కారూ. ముగ్గురిలో ఇద్దరు ఎప్పుడూ కలిసే బయటికి పోయేవారు. మిగిలేది నేను.

కారు అద్దెకి పార్టీ వచ్చి పిలిస్తే నాన్న ఉన్నపళంగా లేచి వెళ్ళిపోయేవాడు. ఎక్కడికో చెప్పేవాడు కాదు, ఎప్పుడొస్తాడో చెప్పేవాడు కాదు, బహుశా చెప్పాలని ఆయనకి తోచేదే కాదు. నేను బడి నుంచి వచ్చేసరికి పంచ కింద కారు ఉండేచోట నూనె మరక ఒక్కటే ఉండేది. ఆ మరక తడిగా ఉంటే ఇప్పుడే వెళ్ళాడని, ఆరిపోయి ఉంటే పొద్దున్నే వెళ్ళాడని నాకు నేనే లెక్క కట్టుకునేదాన్ని. కుండలో పొద్దుటి చల్దన్నం, పక్కన ఉల్లిపాయ ఉండేవి. అది తిని, అరుగు మీద కూర్చుని, నా కుడిచెయ్యి ఒక జట్టు, ఎడమచెయ్యి ఒక జట్టు అనుకుని గచ్చకాయలు ఆడుకునేదాన్ని. ఎడమచెయ్యి ఎప్పుడూ ఓడిపోయేది. పాపమనిపించి ఒక్కోసారి కుడిచేత్తో కావాలని జారవిడిచేదాన్ని.

అదీ విసుగొస్తే ఎదురుగా ఉన్న దర్జీ మస్తాన్ మామ కొట్టుకి పోయేదాన్ని. మామ మిషను తొక్కుతూనే నాతో కబుర్లు చెప్పేవాడు. మిషను కింద రాలిన పేలికలన్నీ నావే. ఏ పేలిక ఎవరి గుడ్డలోదో నాకు కంఠతా వచ్చు. ఎర్ర మీద తెల్ల చుక్కలది వీధి చివర ఇడ్లీలమ్మే సూరమ్మ జాకెట్టు, గోధుమ రంగు సిల్కుది మా బడి మాస్టారి లాల్చీ, గళ్ళది కొట్టు వెనకింటి తాతగారి చేతిసంచి. ఆ వీధిలో మనుషులందరూ నా ఒళ్ళో ముక్కలుముక్కలుగా ఉండేవారు.

బెల్లం రోజులు వచ్చాయంటే మా రోడ్డు మీద గాలి కూడా తియ్యగా ఉండేది. పల్లెల్లో చెరుకు గానుగలు తిరుగుతుంటే పాకం పొగ సాయంత్రాలు ఊరి మీదకి దిగేది. బళ్ళ నిండా బెల్లం దిమ్మలు మార్కెట్టుకి పోతుంటే మేము పిల్లలం వెనకాల పరిగెత్తి, గోనె కింద కారిన ఊటని వేలితో తీసి నాకేవాళ్ళం. చిలకడదుంపలు ఆ పాకంలో ఉడికించి సూరమ్మ ఆకులో పెట్టి ఇచ్చేది, తేగలు కాల్చి కట్టలు కట్టి అమ్మేవారు, వేళ్ళన్నీ జిగురుగా ఉండి పలక మీద అక్షరం దిద్దితే పలకే చేతికి అంటుకుని వచ్చేది. ఆ నెలల్లో మా కారు డిక్కీలో కూడా రైతుల దిమ్మలే. ఎండకి కరిగి డిక్కీలో కారేది, డిక్కీలోంచి కిందకి కారేది. దాని కోసం చీమలు, చీమలతో పాటు ఎలుకలు వచ్చేవి. ఎలుకలు బెల్లం తిని ఊరుకోకుండా ఇంజను దగ్గరికి చేరి వైర్ల మీద గుడ్డ తొడుగు కొరికి పారేసేవి. చీమలు హారన్లో పుట్ట పెట్టేవి. ఒకసారి హారన్ నొక్కితే మోత రాకుండా చీమలు వచ్చాయి.

అందుకని బెల్లం రాక తగ్గాక, ఉగాదికి ముందు, నాన్న ఏటా ఒక పని పెట్టుకునేవాడు. దాన్ని బండికి తలంటు అనేవాడు. బానెట్ ఎత్తి, బ్యాటరీ దించి, దాని కొమ్ముల మీద పెరిగిన తెల్లటి బూజు వేణ్ణీళ్ళతో కడిగి, ఇంజను సందుల్లోని బెల్లం మడ్డి కిరసనాయిలుతో నానబెట్టి కొబ్బరి పీచుతో తోమి, సైకిలు పంపుతో గాలి కొట్టి ఆరబెట్టేవాడు. వైర్లు ఊడదీసేముందు మాత్రం నన్ను పిలిచేవాడు. నాన్నకి చదువు రాదు, వైర్లకి ఒకప్పుడు రంగులు ఉండేవేమో గాని మసి పట్టి అన్నీ ఒకే నలుపు. కాబట్టి ఊడదీసిన ప్రతి వైరు కొసకీ ఒక పేలిక కట్టేవాళ్ళం. హారన్ది సూరమ్మ జాకెట్టు. ఎడమ లైటు మాస్టారి లాల్చీ, కుడి లైటు అదే లాల్చీ జేబు. డైనమోది వీధిలో కానిస్టేబుల్ గారి ఖాకీ నిక్కరు. తాళం నుంచి కాయిల్‌కి వచ్చే వైరుకి మాత్రం నా ఆకుపచ్చ గౌను ముక్క. "ఈ ఒక్కటి నేకపోతే బండిని పదిమంది తోసినా నెగదే" అనేవాడు నాన్న.

ఒకసారి నాన్న కారు కింద పడుకుని, "రత్తీ, సూరమ్మ జాకెట్టు ఇలాగియ్యే, ఎక్కడెట్టేవే?" అని కేకేశాడు. నా పేరు నూకరత్నం లెండి, ఆయనకి రత్తిని. సరిగ్గా అప్పుడే ఇడ్లీ బుట్ట నెత్తిన పెట్టుకుని సూరమ్మ వెళుతోంది.

"ఏటి సన్నిబాబూ, నా జాకెట్టు నీకెందుకురా? తొడుక్కుంతావేటి?" అంది నడిరోడ్డు మీద నిలబడి.

"తొడుక్కుంటే నానే కొలతలు తీసి కుడతాను బావా" అని ఎదురు కొట్టులోంచి మస్తాన్ మామ. నాన్న సిగ్గుపడి కారు కిందనుంచి చాలాసేపు బయటికి రాలేదు.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు ఎలుకలు మరీ రెచ్చిపోయాయి. ఇంజను వైపు వైర్లలో కొరకనిది లేదు. నాన్న ఇంజను వైపు కొసలన్నీ ఊడదీసి, ఎప్పటిలా పేలికలు కట్టి, వైర్ల కట్టంతా కారు లోపలికి లాగి, కొరికిన చోటల్లా కొత్త టేపు చుట్టాలన్నాడు. ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఆయన ఇంట్లో ఉన్నాడు. పొద్దున్నే లేచి చూస్తే నాన్న ఉండేవాడు. బడి నుంచి వస్తే ఉండేవాడు. ఎండుచేపల పులుసు వండేవాడు, కారం ఎక్కువై ఇద్దరం ముక్కులు చీదుకుంటూ తినేవాళ్ళం. నేను వైరు బిగించి పట్టుకుంటే ఆయన టేపు చుడుతూ, నర్సీపట్నం దారిలో కొండ ఘాటు మొదలయ్యే చోట గాలి ఎలా చల్లబడుతుందో, తుని దగ్గర రైలు గేటు పడితే జనం ఎలా తిట్టుకుంటారో చెప్పేవాడు. అన్ని మాటలు ఆయన నోట్లో ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. గచ్చకాయలు కూడా ఆడాడు. నా ఎడమచెయ్యి కంటే అన్యాయంగా ఆడాడు.

ఆరోనాడు మధ్యాహ్నం టేపు కొరికి తెంపి, చేతులు దులుపుకుని, "రేపు వైర్లెట్టేత్తే ఎల్లుండి రోడ్డెక్కీవొచ్చు" అన్నాడు సంతోషంగా. స్నానానికి పెరట్లోకి వెళ్ళాడు.

నేను కారులోకి దూరాను. వేలాడుతున్న కొసలకి ఉన్న పేలికలన్నీ ఒక్కొక్కటే విప్పేశాను. సూరమ్మని విప్పాను, మాస్టారిని విప్పాను, కానిస్టేబుల్ గారి ముడి గట్టిగా ఉంటే పళ్ళతో లాగాను. అన్నీ ఖాళీ పౌడరు డబ్బాలో కుక్కి, నా పుస్తకాల సంచి అడుగున పెట్టేశాను. పెరట్లో నాన్న చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు నాన్న చూసి తెల్లబోయాడు. తర్వాత ఎలుకలని తిట్టాడు. గూటికి మెత్తగా ఉంటుందని పేలికలు ఈడ్చుకుపోయాయనుకున్నాడు. నేను తల ఊపాను. బోను పెట్టాడు, ఒక ఎలక పడింది. దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "సూరమ్మ జాకెట్టు ఎక్కడెట్టేవే నా తల్లీ" అని అడుగుతుంటే మస్తాన్ మామ మిషను ఆపేసి మరీ నవ్వాడు. "ఎలకలక్కూడా నా సాపులో గుడ్డే కావాలేటి బావా" అన్నాడు. నేనూ నవ్వాను.

నాన్న గుర్తున్నంతలో పెట్టి చూశాడు. లైటు స్విచ్చి వేస్తే హారన్ మోగింది. హారన్ నొక్కితే ఏదో చిటపటమని, సన్నటి పొగ వచ్చింది. భయపడి బ్యాటరీ వైరు పీకేశాడు. ఊళ్ళో కార్ల కరెంటు పని తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన నూకాలమ్మ జాతరకి పందిళ్ళ లైట్లు కడుతూ, జాతర అయ్యేదాకా కుదరదన్నాడు. జాతరంటే మాకు ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యతో మొదలు. ఏడాది మొత్తంలో కార్లకి తీరిక లేని రోజులు అవే. పంచ కింద మా కారు ఒక్కటే నోరు తెరుచుకుని నిలబడింది. నాన్న ఇంట్లోనే ఉన్నాడు గాని మాటలు ఆగిపోయాయి. టేపు చుట్టినప్పటి నాన్న కాదు. బానెట్ మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయేవాడు. నేను గచ్చకాయలు తెచ్చి పక్కన పెడితే చూడలేదు.

అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా నక్కపల్లి నుంచి మా మేనత్త దిగింది. నాన్నకి పెద్దక్క, అప్ప అని పిలుస్తాడు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే మనిషి. మూట నిండా జంతికలు తెచ్చింది, నన్ను కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని ఆముదం రాసి తల దువ్వింది. దువ్వుతూ దువ్వుతూ కారు దగ్గరికి లేచి వెళ్ళింది.

"అప్పా, ఆ సుట్ట అవతలెట్టు, ఇక్కడ పెట్రోలు" అన్నాడు నాన్న.

"నిప్పు నా నోట్లో ఉందిరా, నీ పెట్రోల్లో నేదు" అంది. తర్వాత ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఒరే సన్నీ, బండి ఇలగ పడుంటే రత్తి గుంట ఏటి తింతాది? అమాస నాటికి రోడ్డెక్కిందా సరే. నేదంటే బేరగాడికి అమ్మీసి నువ్వు లారీ డ్రైవరుగా ఎక్కు. గుంటని నాను అట్టుకెల్లిపోతాను. నాకాడ నలుగురు పిల్లల్లో అయిదోది."

నాన్న కాదనలేదు. ఆయన వంగి కింద పడ్డ టేపు ముక్క తీసి, వేలికి చుట్టుకుంటూ, "అలాగేలే అప్పా" అన్నాడు. అత్త చెడ్డది కాదు. వాళ్ళింట్లో ఎప్పుడూ సందడే, ఒంటరిగా గచ్చకాయలు ఆడనక్కర్లేదు. కాని అక్కడ నాన్న ఉండడు. నాన్నని ఇంట్లో ఉంచుకుందామని నేను చేసిన పనే నాన్నని నాకు లేకుండా చేస్తోంది. తొమ్మిదేళ్ళ బుర్రకి ఆ సంగతి తిరిగి తిరిగి వచ్చి తగిలేది. ఎవరితో చెప్పను? మస్తాన్ మామ కొట్టుకి వెళ్ళాను, పేలికలు ఏరుకోలేదు. "ఏటమ్మా, నేడు గుడ్డలు చేదయ్యేయా?" అన్నాడు మామ. అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే అత్త కాలవకి గుడ్డలు ఉతకడానికి వెళ్ళింది. నాన్న డ్రైవరు సీట్లో తలుపు తీసుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. పౌడరు డబ్బా తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఎలకలు కావు నాన్నా. నానే ఇప్పేసేను."

ఆయన మూత తీసి చూశాడు. "ఎందుకే?"

"బండి బాగైపోతే నువ్వెల్లిపోతావు కదా."

కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన నా వైపు కాదు, అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. ఎదురు కొట్టులో మిషను చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. తర్వాత డబ్బాలోంచి ఎర్ర చుక్కల పేలిక తీసి పట్టుకున్నాడు.

"ఇది ఎక్కడిదే?"

"హారన్ది. ఆ కొసకి పచ్చగా సిలుమెక్కినదుంది సూడు, అదే."

అలా మొదలుపెట్టాం. వంకర తిరిగిన కొస మాస్టారిది. పొట్టిగా తెగినది ఆయన జేబు. ఎలక రెండు చోట్ల కొరికితే పక్కపక్కనే రెండు టేపులు వేసినది కానిస్టేబుల్ గారిది. ఆరు రోజులు ఆ వైర్లు నా చేతుల్లోనే ఉన్నాయి గదా, ఏ కొస మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను చెప్పడం, నాన్న ఇంజను వైపుకి తోసి బిగించడం. ఒక్కదానికి కూడా నేను తడుముకోలేదు. కాని నా ఆకుపచ్చ గౌను ముక్క డబ్బాలో లేదు. డబ్బా ఇచ్చేముందే తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను. అది ఇచ్చేస్తే బండి లేస్తుంది. లేస్తే వెళుతుంది.

అన్నీ అయిపోయాయి. ఒక్క కొస వేలాడుతోంది. నాన్న ఏమీ అడగలేదు. చేతులు కడుక్కున్నాడు. పొయ్యి వెలిగించి టీ కాచాడు, నాకు గ్లాసులో సగం పోసిచ్చాడు. గుమ్మంలో ఇద్దరం కూర్చుని తాగాం. ఎండ పంచలోకి వచ్చింది. నా గుప్పిట చెమటకి తడిసిపోయింది. నేను లేచి వెళ్ళి, ఆ చెమట ముక్కని ఆయన అరచేతిలో పెట్టేశాను. ఆయన లేచి వెళ్ళి ఆ వైరు బిగించాడు. బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించి తాళం తిప్పాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి లేచింది. మస్తాన్ మామ కొట్టులోంచి బయటికి వచ్చి చప్పట్లు కొట్టాడు. నేను ఇంట్లోకి పరిగెత్తి మంచం కింద దూరి ఏడ్చాను.

అమావాస్య నాడు పార్టీ వచ్చింది. నాన్న బండెక్కాడు, మళ్ళీ దిగాడు. నా దగ్గరికి వచ్చి, "చోడవరం పోతన్నాను. అక్కడ వోళ్ళని ఎక్కించుకుని అమ్మోరి గుడికి. పొద్దుగూకే యాలకి వచ్చేత్తాను" అన్నాడు. అంతవరకు ఎప్పుడూ అలా చెప్పలేదు. అప్పటినుంచి ఎప్పుడూ చెప్పకుండా వెళ్ళలేదు. నేను అరుగు మీద కూర్చుని, ఇప్పుడు వంతెన దాటి ఉంటాడు, ఇప్పుడు గుడి దగ్గర ఉంటాడు అనుకుంటూ ఆయన వెంటే తిరిగేదాన్ని. ఒంటరితనం పోలేదు. దానికి ఒక దారీ, దారి పొడుగునా ఊర్లూ వచ్చాయి, అంతే.

నాకు పెళ్ళై, పిల్లాడు పుట్టాక, నాన్న చూపు మందగించి కారు అమ్మేసిన రోజుల్లో ఒకసారి అడిగాను. ఒక్క వైరు మిగిలినప్పుడు అది ఎక్కడిదో నీకు తెలియదా అని.

"కాయిల్ వైరు తెలవకపోడమేటే? కళ్ళు మూసుకున్నా ఎట్టీగలను."

"మరి ఎందుకు కూకుండిపోనావు?"

"నువ్వియ్యకపోతే బండి అమ్మీసి, ఊళ్ళోనే ఏదోటి చూసుకుందామనుకున్నాను" అన్నాడు.

ఆ మాట విన్నాక ఎన్నో రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. ఆ పూట టీ గ్లాసు పక్కన పెట్టి, నేను గుప్పిట తెరవకుండా ఉండి ఉంటే, నా చిన్నతనమంతా ఆయన ఇంట్లో ఉండేవాడు. తెరిచినందుకు బాధపడాలో, తెరిచినందుకు ఆయన సంతోషించాడని ఊరుకోవాలో, ఈ వయసులో కూడా నాకు తేలలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఆయన లేడు.

ఆ పంచ లేదు. ఆ స్థలంలో ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టారు. మస్తాన్ మామ పోయాక వాళ్ళ పిల్లలు మిషను అమ్మేశారు. బెల్లం దిమ్మలు వస్తూనే ఉన్నాయిగాని అన్నీ టార్పాలిన్లు బిగించిన లారీల్లో, వెనకాల పరిగెత్తే పిల్లలు లేరు. సూరమ్మ ఎవరని అడిగితే చెప్పేవాళ్ళు కూడా ఈ వీధిలో నేను ఒక్కదాన్నే. మా కోడలు అచ్యుతాపురం కంపెనీ బస్సు, మా అబ్బాయి పరవాడ బస్సు, ఒకరొచ్చే వేళకి ఒకరు వెళతారు. పగలు ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. వాళ్ళ దోషం కాదు. నాన్న దోషం కూడా కాదు. అన్నం ఎప్పుడూ గుమ్మం అవతలే ఉంటుంది, తెచ్చేవాళ్ళు వెళ్ళాలి గదా.

ఇంతసేపూ ఓపిగ్గా కూర్చున్నారు, నా తల్లులూ, నా తండ్రులూ. పోయి రండి. మీ ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళని ఎవరూ ఆపనక్కర్లేకుండా వాళ్ళంతట వాళ్ళే తిరిగి వచ్చుగాక. వచ్చేసరికి అన్నం వేడిగా ఉండుగాక. ఆ అన్నం దగ్గర ఎదురు కూర్చునే మనిషి ఒకరు, ఎప్పుడూ, మీ ఇంట్లో ఉండుగాక.